కొత్త తెర మీద లేని మాటలు

సూళ్లూరుపేట అవతల, పులికాట్ ఒడ్డునున్న ఒక బడిలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతాను. చేరినప్పుడు ల్యాబులో ఎనిమిది పాత కంప్యూటర్లు ఉండేవి. అందరూ వాడే సాఫ్ట్‌వేర్ వేస్తే తెర రావడానికే పావుగంట పట్టేది. అందుకని ఉచితంగా దొరికే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తేలికపాటి రకం ఒకటి వెతికి వేశాను. తెలుగులో పెట్టుకునే వీలుంది గానీ సగం మాటలు ఇంగ్లీషులోనే ఉండేవి. తెలుగులో ఉన్నవి ఇంకా కష్టం. పిల్లలు అవి చదివి నా మొహం చూసేవాళ్లు.

ఆ బడిలోనే తెలుగు చెప్పే టీచరు ఒకామె ఉండేది. సరస్సులో వల వేసి బతికే ఇంట్లో పుట్టి, వాళ్ల కుప్పంలో, అంటే ఆ జాలర్ల పల్లెలో, మొదట చదువుకున్న ఆడపిల్ల. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మేడమ్ అంటే మాన్పించి అక్కా అని పిలిపించుకుంది. ఒకరోజు భోజనాల వేళ డబ్బా పట్టుకుని ల్యాబులోకి వచ్చి, తెర మీది మాట ఒకటి పైకి చదివింది.

"అధిరోహణ తొలగించు. ఏంది ఇది? ఎవురు రాసినారు?"

"ఎవరో సొంత ఇష్టం మీద రాసినారక్కా. మనమూ రాసి దీన్ని తయారుచేసేవాళ్లకు పంపొచ్చు. బాగుంటే చేర్చుకుంటారు."

"అయితే దీని అర్థం చెప్పు."

పెన్‌డ్రైవ్ లాగేముందు కంప్యూటర్‌కు చెప్పాలనీ, లేకపోతే అందులోవి పాడవుతాయనీ చెప్పాను. ఆమె నోట్లో ముద్ద నమిలి మింగింది.

"అట్లయితే 'విప్పు' అని రాయి. తాడు విప్పకుండా పడవను నెడితే ఏమవతాది? మా పిల్లోళ్లకు ఇంకేం చెప్పక్కర్లా."

అలా మొదలై రెండేళ్లు సాగింది. రోజూ మధ్యాహ్నం ఇద్దరం రెండు స్టూళ్లు వేసుకుని ఒకే తెర ముందు కూర్చునేవాళ్లం. తీసేసిన ఫైళ్లు పడే చోటుకు 'కసువుబుట్ట' అంది. కనపడకుండా పెట్టడానికి 'చాటు చెయ్యి' అంది. డెస్క్‌టాప్ దగ్గర మాత్రం వారం రోజులు వాదించుకున్నాం.

"ముంగిలి అని రాయి. తెర రాంగానే కనపడేది ఇంటిముందర జాగానే కదా."

"అందరూ డెస్క్‌టాప్ అనే అంటారక్కా."

"అందరూ అంటే ఎవురు? నువ్వూ నేనూ కాదా?"

ముంగిలి అనే రాశాను. చేర్చుకున్నారు కూడా. అయితే పంపినవన్నీ నా పేరు మీదే వెళ్లాయి. "నాకు ఈమెయిల్ కూడా లేదు, నా పేరెందుకులే" అని ఆమె అంటే, సరేనని ఊరుకున్నాను. ఈమెయిల్ పెట్టివ్వడం ఐదు నిమిషాల పని. చేయలేదు.

తరువాత ఆమెకు కావలి వైపు బదిలీ అయింది. మొదట్లో వారానికోసారి ఫోన్లు. పోనుపోను పండగలకు మాత్రమే.

కొన్నేళ్లకు ఆ లైనక్స్ తయారుచేసేవాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. బటన్లు, మెనూలు, కిటికీలు గీసిపెట్టే పనిముట్ల పెట్టె ఒకటి ఉంటుంది. టూల్‌కిట్ అంటారు. పాతదాన్ని వదిలేసి, ఇంకో టూల్‌కిట్‌తో డెస్క్‌టాప్ మొత్తం మార్చేశారు. కారణాలు చదివాను. అన్నీ న్యాయంగానే ఉన్నాయి. పాతదానికి ఇక మరమ్మతులు రావన్నారు కాబట్టి, వేసవి సెలవుల్లో ఎనిమిదింటిలోనూ కొత్తది వేశాను.

తెర ముచ్చటగా వచ్చింది, చకచకా పనిచేసింది. మెనూ తెరిస్తే అంతా ఇంగ్లీషు. మా మాటలు పెట్టుకున్న ప్రోగ్రాములే అందులో లేవు. వాటి చోట వచ్చినవాటికి వేరే మాటల జాబితాలు, వాటిలో ఇంగ్లీషు పక్కన తెలుగు గడులు చాలావరకు ఖాళీ. ఒక్కో కంప్యూటరూ తెరిచి చూశాను, ఒకదానిలో చూస్తే చాలని తెలిసి కూడా.

అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, మన మాటలు పోయినాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ముంగిలి కూడానా?"

"అది కూడా."

అక్క మెల్లగా అంది. "సెలవుల్లో మా మనవరాల్ని పిలుచుకోనొచ్చి చూపిద్దామనుకుంటా ఉండాను. ఇవి నేను చెప్పిన మాటలేనని."

అన్నేళ్లూ ఆమె మనసులో అది ఉందని నాకు తెలియదు.

"మళ్లీ రాద్దామక్కా. ఈసారి నీ పేరుతో."

ఫోనులోనే ఆమెకు ఈమెయిల్ పెట్టించాను. పాస్‌వర్డ్ దగ్గర అరగంట పట్టింది. బడి తెరిచాక రోజూ మధ్యాహ్నం ల్యాబులో ఫోను బల్ల మీద పెట్టుకుని నేను ఇంగ్లీషు చదివేదాన్ని, ఆమె తెలుగు చెప్పేది. మాటలు పాతంత బాగానే వచ్చేవి. కానీ డబ్బా మూత మీద ఆమె వేసిచ్చే చేప ముక్క లేదు, తప్పు కొడితే మోచేత్తో పొడిచే మనిషి లేదు. పక్క స్టూలు మీద నా సంచీ ఉండేది.

పంపినవాటిలో చాలావరకు తీసుకున్నారు. ముంగిలిని మాత్రం పంపిన మాటలు సరిచూడ్డానికి కొత్తగా వచ్చిన పరిశీలకుడెవరో వాడుకలో లేదని తిప్పిపంపారు. ఆ సంగతి చెబితే అక్క నవ్వింది.

"పోనీలేమ్మా. ఆయన ఇంటికి ముంగిలి లేదేమో."

రాసినవాళ్ల జాబితాలో ఆమె పేరు వచ్చింది. మనవరాలు అది ఫోనులో చూసి, పక్కింటివాళ్లకు కూడా చూపించిందట. అక్క ఇది చెప్పిన రోజే మాటల జాబితాలో చివరి గడి నిండింది.

"అయిపోయినాయా?" అని అడిగింది.

"అయిపోయినాయక్కా."

"అయినా రేపు ఫోన్ చెయ్యి."

చేస్తానన్నాను. ఫోను పెట్టేశాక, తెలుగు లేకుండా మిగిలిన ప్రోగ్రాము ఇంకేదైనా ఉందేమోనని, గంట కొట్టేదాకా వెతుకుతూ కూర్చున్నాను.