మందా, నా చెయ్యా?

మొన్న గరిడేపల్లి దవాఖానలో నర్సు నా చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. ఆ బుస్సుమనే చప్పుడుకు, ఎలుకల తోకలకు అలాంటి చిన్న పట్టీ చుట్టి బీపీ చూసే సుజాత మేడం గుర్తొచ్చారు. నేను అయిదో తరగతి వరకే చదివాను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి.

అప్పట్లో కోదాడ దగ్గర మందుల కాలేజీలో ఎలుకలకు మేత వేసే పని నాది. మేడం అక్కడ డాక్టరేటు కోసం బీపీ ఎక్కువున్న ఎలుకల గుండె మీద పరిశోధన చేసేవారు. గుండె కణానికి తలుపుల్లాంటివి ఉంటాయని, భయమేస్తే ఒంట్లో పుట్టే రసం వచ్చి వాటిని తడుతుందని, అప్పుడు గుండె గట్టిగా కొట్టుకుంటుందని చెప్పారు. బీపీ ఎలుకల్లో ఆ తలుపులు సరిగ్గా పలకవట. ఎందుకని అడిగాను.

"రోజంతా తలుపు కొడుతుంటే ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లని పలుకుతారు, మల్లమ్మా?" అన్నారు.

బీపీ దించి, ఆ తలుపులు మళ్లీ పలికేలా చేయాలని మేడం ఒక మందు తయారుచేశారు. మందు తాగే ఎలుకలను నాకు, తాగని వాటిని రమేష్ అనే విద్యార్థికి అప్పగించారు. కొన్నాళ్లకు నా ఎలుకల బీపీ దిగింది. మేడం పరిశోధనకు పెద్దగా ఉన్న పెద్దసారు మిఠాయి పంచారు. మేడం ముట్టలేదు. ఆ సాయంత్రమే నా దగ్గర ఎలుకల గది తాళంచెవి తీసుకున్నారు.

మర్నాటి నుంచి గది మూలన కూర్చుని నా చేతులనే చూసేవారు. నేను నీళ్లలో ఏదో కలిపానని అనుకుంటున్నారేమో అనిపించింది. నాకూ మేడం మీద అనుమానం పుట్టింది. రేపు మందు పనిచేయకపోతే తప్పు నా మీదకు తోస్తారేమో. మా ఇంటికి ఆ జీతమే ఆధారం. ఇక ఆగలేక అడిగేశాను.

"నన్ను దొంగలెక్క సూస్తున్నరు మేడం. తీసేస్తే తీసేయుండ్రి గని, గిట్ల సూడకుండ్రి."

ఎలుకను ఎలా పడతానో చూపమన్నారు. మాది గొర్లు కాసే ఇల్లు. బెదిరిన గొర్రెపిల్లను కొంగులో చుట్టి, ఊపిరి కుదుటపడ్డాకే మందు పోస్తాం. ఎలుకనూ అలాగే పట్టేదాన్ని. రమేష్ తోక పట్టి లేపేవాడు.

"నీ ఎలుకలకు భయం లేదు. బీపీ దిగింది మందుకో, నీ చేతికో తెలీదు. పని అలా పంచింది నేనేగా," అన్నారు మేడం. "నా అనుమానం నీ మీద కాదు. ఆ నంబర్లు నాకు మరీ నచ్చాయి, అదే అనుమానం."

తాళంచెవి తిరిగిచ్చి, ఎలుకలన్నింటినీ నాకే అప్పగించారు. ఈసారి మందు తాగినవాటికీ తాగనివాటికీ బీపీ ఒకేలా వచ్చింది. పాత నంబర్లతోనే రాసెయ్యమని, డాక్టరేటు వచ్చేస్తుందని పెద్దసారు నచ్చజెప్పారు. మేడం రాయలేదు. వేరే మందుతో మొదటి నుంచి మొదలుపెట్టారు. నేను పని మానేనాటికి కూడా ఆ పట్టా రాలేదు.

ఇప్పుడు నాకు సొంత గొర్లున్నాయి. పోయినేడు విడవని వానలకు మందలో జబ్బు పడితే ఆకుపసరు పోశాను, బతికాయి. చుట్టుపక్కల వాళ్లు సీసాలు పట్టుకుని వచ్చారు. నీ పసరే బతికించిందన్నారు. అవునని చెప్పాలని ఎంత ఆశపడ్డానో, అంత అనుమానమూ వచ్చింది. వాన తెరిపిచ్చినందుకు బతికాయేమో నాకు తెలియదని చెప్పి, అందరినీ పశువుల డాక్టరు దగ్గరికి పంపించాను.