పురుగుల ఇంట్లో బంతిమాల

"...దేవుడి పూలయితే మాత్రం, మందు కొట్టినవి మందు కొట్టినవే కదా!"

"కొట్టినారని నాకెట్ల తెలుస్తాది? పూజారి చేతికిస్తే కండ్లకద్దుకొని తెచ్చినాను."

"కండ్లకద్దుకొని ఇంట్లో పెట్టుకోవాల్సింది. పురుగుల నెత్తిన కట్టేదెందుకు?"

మునియప్ప గొంతు కెంచార్లహళ్ళిలో ఆ వీధి చివరిదాకా వినిపించింది. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ చచ్చిన పట్టుపురుగులను చేటకెత్తి పెరట్లో తీసిన గుంతలో పోస్తూ ఉంది.

పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ప్రతిసారీ అంతకుముందు మేత మాని పడుకునే నిద్రను ఈ వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన రోజు పురుగుల ఇంట్లో దేవుడికి పువ్వు పెట్టడం ఆమెకు అత్తగారి నుంచి వచ్చిన అలవాటు. ఎప్పుడూ పెరట్లోని కనకాంబరాలే పెట్టేది. ఈసారి శనివారం గుడికి పోతే స్వామి మెడలోని బంతిమాల దొరికింది. అంతటి ప్రసాదం చేతికొచ్చాక కనకాంబరాలెందుకని, మాలను తట్టల పైన వాసానికి వేలాడదీసింది. మార్కెట్టుకు పెంచే బంతికి మందు కొడతారని ఆమెకు తెలియక కాదు. స్వామి మెడలోకి వెళ్ళొచ్చిన పువ్వుకు కూడా ఆ మందు అంటుకొనే ఉంటుందని తోచలేదు, అంతే. రాత్రంతా రేకులు రాలి పురుగులు మేసే మల్బరీ ఆకు మీద పడ్డాయి. తెల్లారేసరికి పురుగులు పచ్చనీళ్ళు కక్కుకుంటూ మెలికలు తిరుగుతున్నాయి.

పెళ్ళయి వచ్చిన ఏడు నుంచి ఆమె బతుకు పురుగుల వెంటే నడిచింది. ఇంట్లో పురుగులుంటే తోడబుట్టినదాని పెళ్ళికైనా పొద్దున పోయి సాయంత్రానికి రావాల్సిందే.

మునియప్ప గొంతు తగ్గింది. "దేవుడే ఇట్ల చేస్తే ఇంగెవురికి చెప్పుకునేది?"

"చేసింది నేను. ఆయన మీదికెందుకు నెడతావు? ముందర ఏం చేయాల్నో ఆయనే చూపిస్తాడు."

"చూపించేదేముండాది? తోట పెరికేసి టమాటా పెడదాము. చింతామణికి పోయి నారు చెప్పొస్తాను."

ఆమె చేట దులిపింది. ఇంటి వెనక మల్బరీ తోట నడుమెత్తున నిలబడి ఉంది. ఆకు తినే నోళ్ళే లేవు.

మరుసటి రోజు వెనక వీధి రూప వచ్చి గడప బయటే నిలబడింది. వాళ్ళ బోరులో నీళ్ళు తగ్గి తోట వాడింది. పురుగులేమో నాలుగో జ్వరం లేచి ఆకలి మీద ఉన్నాయి.

"అత్తా, ఇట్లాంటప్పుడు ఆకు అడిగేదానికి నోరు రాలేదు..."

"మొన్న మీ అత్తతో కొట్లాడేదానికి బాగానే వచ్చెనే! కొడవలి తీసుకో, పద."

రూప నవ్వింది గానీ జాగ్రత్త మానలేదు. గుప్పెడు పురుగులను వేరే తట్టలో వేసి, ఆ ఆకు ముందు వాటికి పెట్టి సాయంత్రందాకా చూసింది. లక్ష్మీదేవమ్మకు కోపం రాలేదు. తానైనా అదే చేసేది.

పొద్దుగూకేవేళ ఆమె కొమ్మల మోపును రూప ఇంటి గడప దగ్గర దించి వెనుదిరిగింది. పురుగులు చచ్చిన ఇంటివాళ్ళు ఇంకొకరి పురుగుల ఇంట్లో అడుగు పెట్టరు. ఎవరూ చెప్పకపోయినా అందరూ పాటించే పద్ధతి అది.

"యాడికి అత్తా? కాళ్ళు కడుక్కొని లోపలికి రా. ఈ మూల పురుగులు సరిగ్గా మేస్తాండలేదు, చూడు."

"నేనా?"

"నువ్వు కాక మామను పిలిచేదా? ఆయప్ప అరుపుకు పురుగులన్నీ ఈ రోజే గూట్లో దూరుకుంటాయి."

లక్ష్మీదేవమ్మ కాళ్ళు కడుక్కుంది. గడప మీద ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళింది.

గూళ్ళు కట్టేదాకా రోజూ ఆకు కోసి తెచ్చింది, రూప పక్కన నిలబడి మేత పరిచింది. ఇంటికొచ్చి సంగటి తిని పడుకుంటే మేతవేళ దాటిపోయిందేమోనని ఉలిక్కిపడి లేచే పని లేదు. ఆ నిద్ర మొదట్లో ఎవరిదో తెచ్చుకున్నట్టు కొత్తగా ఉండేది. పోనుపోను ఒంటికి పట్టింది. రూప గూళ్ళు మార్కెట్టుకు వెళ్ళిన మరునాడు మంచేనహళ్ళిలో చెల్లెలింటికి పోయి, ఉండమన్నన్ని రోజులూ ఉండి వచ్చింది. వచ్చేసరికి రూప, వచ్చే పంటకూ ఆకు కొనుక్కుంటానని చెప్పిపెట్టి ఉంది.

ఆ సాయంత్రం మునియప్ప చింతామణి బస్సు దిగి వచ్చాడు. లక్ష్మీదేవమ్మ దేవుడి పటానికి కనకాంబరాలు పెడుతోంది.

"నారు వచ్చేవారానికి తయారంట. తోట పెరికేదానికి జేసీబీని ఎప్పుడు రమ్మనేది?" అని, పటం వైపు చూసి నవ్వాడు. "లేకుంటే నీ దేవుడు ఏమన్నా చూపించినాడా?"

"నారు వద్దని ఫోను చెయ్యి," అంది లక్ష్మీదేవమ్మ. "తోట పెరికేది లేదు. మనింటికి ఇంగ పురుగులు తెచ్చేదీ లేదు. ఆకు మనం పెంచుతాము, రూప మేపుతాది. తట్టలన్నీ కడిగి ఎండబెట్టినాను. పొద్దున్నే టెంపోలో ఎక్కించి ఆ పిల్ల ఇంట్లో దించేసి రా."