పులస ఫోటో కింద నా పేరు

మా సహోద్యోగి చేతిలో పులసతో నవ్వుతున్న ఫోటో తీసింది నేనే. అందుకే అందులో నేను లేను. ధవళేశ్వరంలో ఇద్దరం ఇరిగేషన్ ఇంజినీర్లుగా ఉన్న తొంభైల నాటి మాట. వరదనీటికి గోదావరి ఎర్రబడగానే రేవులో ఆ చేపను వేలం వేశారు. నేను పాడాను, ఆయన నా మీద పాడి దక్కించుకున్నారు.

"కెమెరా తెచ్చారుగా, ఓ ఫోటో తియ్యండి గురువుగారూ" అన్నారు. తీశాను. చేపల కోసమే వచ్చిన కంట్రాక్టరొకాయన కూడా ఫోటోలో ఆయన పక్కన పడ్డాడు.

ఇద్దరం రిటైరై రాజమండ్రిలో స్థిరపడ్డాం. కొన్నేళ్లకు, కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్న ఆయన మనవరాలు ఆ ఫోటోను స్కాన్ చేసి, తాతగారి పేరు, చేసిన ఉద్యోగం, ఊరు రాసి ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టింది.

"నా పేరు కొడితే నేను వస్తున్నానండీ" అని పెన్షనర్ల సమావేశంలో ఆయన అందరికీ వరసపెట్టి చెప్పారు.

ఆ సాయంత్రమే ఇంటర్నెట్ సెంటర్లో నా పేరు కొట్టించాను. ఎవరో పళ్ల డాక్టరు వచ్చాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ డైరీ రాసే మనిషిని. నా ఊసు లోకానికి లేదు. ఒక్క చేప పట్టుకున్నందుకు ఆయన ఉన్నారు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

వరదల రోజుల్లో కంట్రాక్టర్లు బిల్లులు పాసవడానికి ఆఫీసర్ల ఇళ్లకు పులస పంపడం మా వైపు మామూలే. ఫోటోలో కంట్రాక్టరును గుర్తుపట్టి ఎవరో పేరు చెప్పకుండా, "ఇది ఏ కాలవ బిల్లు తాలూకు పులసండీ?" అని కింద రాశారు. ఆయన్ని పెన్షనర్ల సంఘానికి ప్రెసిడెంటుగా అనుకుంటున్న రోజులవి. "ముల్లు ఎక్కడ గుచ్చుకుందండీ?" అని సమావేశంలో నవ్వులు మొదలయ్యాయి. బాగా అయిందనే అనిపించింది నాకు.

ఆయన మా ఇంటికొచ్చారు. "కంట్రాక్టరు చేప నా గుమ్మం ఎక్కలేదని మీకు తెలుసు కదండీ. ఆ ఫోటో కింద ఒక్క ముక్క రాయండి."

తెలుసు. వేలంలో ఓడినవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వాళ్లింటికి వెళ్లి నేను చెబుతుంటే, సెలవులకొచ్చిన మనవరాలు టైపు చేసింది: "ఈ చేపను ఆయన వేలంలో సొంత డబ్బుతో కొన్నారు. పోటీ పాడి ఓడిపోయింది నేను. ఫోటో తీసిందీ నేనే." కింద నా పూర్తి పేరు.

"ఫోటో సంగతి కూడానా తాతగారూ?"

"అదీ ఉండాలమ్మా."

కొన్నాళ్లు ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి నా పేరు చూసుకున్నాను. ఇంతలో, ఇంకెవరేం రాస్తారోనని ఆయనకు భయం పట్టుకుంది. "ఎందుకొచ్చిన గొడవండీ, తీయించేశాను" అన్నారు. ఫోటోతో పాటు నా పేరూ పోయింది.

నేను రాయకముందే ఎవరో దాచుకున్న కాపీ మాత్రం పోలేదు. తర్వాతి సమావేశానికి ఒకాయన దాన్ని ప్రింటు తీసి తెచ్చారు. ఫోటో ఉంది, కింద ఆ ప్రశ్న ఉంది, నా జవాబు లేదు. మా సహోద్యోగి నా వైపు చూశారు.

లేచాను. "ఆ చేపకి ఆయన మీద పాడి ఓడింది నేనండీ" అని అందరి ముందూ చెప్పాను. నవ్వులు ఈసారి నా మీదికి మళ్లాయి. ఆయన ప్రెసిడెంటు అయ్యారు.

ఆ కాపీ ఇప్పటికీ ఏటా వరదల రోజుల్లో ఎవరి మెయిల్లోనో తేలుతుంది. అప్పుడు సమావేశంలో ప్రెసిడెంటుగారే నన్ను లేపుతారు: "ఆ వేలం సంగతి చెప్పండి గురువుగారూ." నేను లేచి, ఎలా ఓడిపోయానో మొదటి నుంచీ చెబుతాను.