మా బర్రె ఎప్పుడు ఈనాలి?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడేమో తెలిసిందేదో వెతుక్కోవాల్సి వస్తోంది. డిగ్రీ అయిపోయి ఆర్మూర్‌లో ఖాళీగా తిరుగుతున్నవాణ్ణి, పాడి శిక్షణకు వెళ్లి (అక్కడ భోజనం బాగుంటుందని ఎవరో చెబితే) ఒక గొప్ప ముక్క పట్టుకొచ్చాను: బర్రె ఏ కాలంలో ఈనాలో మనమే నిర్ణయించుకుని, అందుకు పది నెలల ముందు చూలు సూది వేయించాలి. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బర్రె అప్పటికి వట్టిపోయి ఉంది. పాపం, దాని బాగోగులు నా చేతిలో పడ్డాయి.

ఇంట్లో అందరినీ అడిగాను. అదే నా కొంప ముంచింది. "మక్కజొన్న కోసినంక ఈనాలె, చొప్ప మస్తుంటది" అన్నాడు బాపు. "గా ముసురుల దూడ బతుకుతదా?" అంది అమ్మ. "ఎండకాలం ఈనితే పాలకు గిరాకి" అన్నాడు పసుపు కమీషన్ దుకాణం నడిపే మామ. "గప్పుడు గడ్డేడ దొరుకుతది, నీ దుకాణంలనా?" అని బాపు ఎగిరాడు. అందరూ ఏకమైన మాట ఒక్కటే: "పసుపు ఉడకబెట్టేటప్పుడు మాత్రం వద్దు. ఒక్కరికి చెయ్యి ఖాళీ ఉండదు." ఎవరి మాట వింటే వాళ్లదే నిజమనిపించేది. బర్రె ఎదకొచ్చి అరిచినప్పుడల్లా తల గోక్కుని, సూది వేసే డాక్టర్‌ను వాకిట్లోంచే తిప్పి పంపేవాణ్ణి.

చలికాలం గడిచిపోయింది. "వట్టి బర్రెను ఎన్నొద్దులు మేపాలె? వచ్చే సంతకు తోల్కపోత" అన్నాడు బాపు. అమ్మ బర్రె మెడ నిమురుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా తెలివి తగలెయ్య! ఆ వారమే అది మళ్లీ అరిచింది. ఏ నెలా, ఏ కాలమూ అని చూడకుండా డాక్టర్‌ను నా బండి మీదే ఎక్కించుకొచ్చాను. చూలు నిలిచిందని తెలిశాక లెక్కేస్తే, అది ఈనేది సరిగ్గా పసుపు ఉడకబెట్టే నెలలో! ఎవరికీ చెప్పకుండా దాచాను. (వాళ్లు నాకన్నా ముందే లెక్కేసుకున్నారట.)

కడాయిలో పసుపు ఉడుకుతుండగానే బర్రెకు నొప్పులొచ్చాయి. ఆ పనికి చేరిన మామతో సహా అందరం కొట్టంలోకి ఉరికాం. దూడ సగంలో ఆగిపోయింది. అమ్మ బర్రె తల పట్టుకుంది, బాపూ మామా దూడది చెరో కాలు పట్టి మెల్లగా లాగారు. ఆడదూడ! బాపు తన పసుపు తువ్వాలతోనే దాన్ని తుడుస్తూ, "గిదే మంచి కాలం రా. ఇంకెప్పుడైతే తలొక దిక్కు పోయేటోళ్లం, దీన్నెవలు పట్టుదురు?" అన్నాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. సంత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు పాలకేంద్రంలో ఉద్యోగం నాది. ఏ కాలం మంచిదని రైతులు అడుగుతుంటారు. చొప్ప, వాన, గిరాకి అన్నీ విప్పి చెప్పి, చివర్లో "ఇంట్ల మనుషులు ఎప్పుడుంటరో గది జర చూస్కో కాకా" అంటాను. ఎంత తెలిసినవాడో అన్నట్టు తలూపి వెళ్తారు. ఆ మంచి నెల ఏదో నాకే ఇంతవరకూ తేలలేదు.