జేబు కెమెరా, మెడ కెమెరా, మా నాన్న పెనాల్టీ

ఆ రోజుల్లో కలకత్తాలో ఏ సంగతి మీదైనా మనుషులు రెండు పక్షాలుగా చీలిపోయేవారు. పులస గొప్పదా రొయ్య గొప్పదా, ట్రాము మేలా మెట్రో మేలా అని మా వీధి టీకొట్టు బల్ల మీద సాయంత్రం తీర్పులు వెలువడేవి, మర్నాడు పొద్దున్నే అవే తీర్పులు రద్దయ్యేవి. నాకు మాత్రం ఒక్కటే వాదం. జేబులో పట్టే చిన్న కెమెరా ఉండగా మెడకు వేలాడేసుకునే ఆ పెద్ద డీఎస్ఎల్ఆర్ దేనికి? నేను చిన్న కెమెరా పక్షం. అందుకు గొప్ప కారణమేమీ లేదు, నా దగ్గర ఉన్నది అదే. (సిద్ధాంతాలు చాలావరకు ఇలాగే పుడతాయని నాకు ఆ తర్వాత తెలిసింది.)

మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరి నుంచి వచ్చి రేవులో మూటలు మోశాడు. నాన్న అదే రేవులో క్రేను నడిపేవారు. మా ఇల్లు వాట్‌గంజ్‌లో. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే హిందీ, బస్సెక్కితే బెంగాలీ. (తెలుగు రాయడం నేను ఇరవై దాటాక అమ్మ దగ్గర కూర్చుని కూడబలుక్కుని నేర్చుకున్నదే. ఇక్కడెక్కడైనా ఒత్తులు తప్పితే ఆ తప్పు అమ్మది కాదు.) అప్పట్లో నేను భవానీపూర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. పాస్‌పోర్టు ఫొటోలు తీయడం, కత్తిరించడం, కవరులో పెట్టడం నా పని. యజమానిని వీధంతా మేజ్‌దా అని పిలిచేది, అంటే రెండో అన్నయ్య అని. పెళ్లిళ్లకూ సభలకూ ఆయనే వెళ్లేవారు, తన డీఎస్ఎల్ఆర్‌ని పసిపిల్లలా తువ్వాలులో చుట్టుకుని. రెండేళ్లలో నేను దాని బెల్టు తాకింది ఒక్కసారి, అదీ దుమ్ము దులపడానికి. "నాక్కూడా బయట పనులు ఇవ్వండి మేజ్‌దా" అని అడిగినప్పుడల్లా, "ముందు వీళ్ల చెవులు రెండూ కనపడేలా తీయడం నేర్చుకో" అనేవారు. పాస్‌పోర్టు ఫొటోలో చెవులు రెండూ కనపడాలి కదా మరి.

కడుపుమండి, ఆ ఏడు దుర్గాపూజల బోనసుతో ఒక చిన్న కెమెరా కొనుక్కున్నాను. వెండి రంగు, అరచేతిలో ఇమిడిపోయేది. మేజ్‌దా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కీ రే, దీంతో ఫొటోలు తీస్తావా, స్నానం చేస్తావా?" అన్నారు. ఆనాటి నుంచి దాని పేరు సబ్బుపెట్టె. ఆనాటి నుంచే, పెద్ద కెమెరా చేసే పని ప్రతిదీ నా సబ్బుపెట్టె చేస్తుందని స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్లకీ ఉపన్యాసాలివ్వడం మొదలుపెట్టాను. నాకు దక్కనిదాని అవసరమే లోకానికి లేదని నిరూపించాలని నా పట్టుదల. పెళ్లి ఫొటోలు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు కూడా పాపం ఓపిగ్గా వినేవారు.

ఇక నాన్న సంగతి. మా పేటలో ఆయన్ని క్రేను డ్రైవరుగా ఎవరూ ఎరగరు, ఫుట్‌బాల్ గోలీగా, అంటే గోల్‌కీపరుగా ఎరుగుదురు. ఆయన పేరు దెయాల్‌దా. దెయాల్ అంటే బెంగాలీలో గోడ. ఏటా వానాకాలంలో మా వాట్‌గంజ్ క్లబ్బు పెద్దలకీ, ఏక్‌బాల్‌పూర్ క్లబ్బు పెద్దలకీ ఒక మ్యాచి జరిగేది. పెద్దలంటే నలభై దాటినవాళ్లు. బొజ్జలుంటాయి, మోకాళ్లకు పట్టీలుంటాయి, పౌరుషం మాత్రం పద్దెనిమిదేళ్లదే. ఆ ఏడు నాన్న రిటైరు కాబోతున్నారు. "ఇదే ఆఖరు ఆట, ఇంక గ్లవుజులు తొడగను" అని చెప్పేశారు. క్లబ్బు గదిలో పాత ఆటగాళ్ల ఫొటోలు వరసగా వేలాడుతుంటాయి. వాటిలో నాన్నది లేదు. ఉన్న ఒక్క గ్రూపు ఫొటోలో ముందువాడి భుజం వెనక ఆయన నుదురూ ఒక కన్నూ కనపడతాయంతే. అందుకని మా సెక్రటరీ మావ (చుట్టం కాదు, రేవు ఆఫీసులో గుమాస్తా, పేట మొత్తానికి మావ) ఒక నిర్ణయం ప్రకటించాడు.

"ఈసారి మన దెయాల్‌దాది తలుపంత ఫొటో కట్టించి గోడకి పెడదుం. మీ మేజ్‌దాని పెద్ద కెమెరా అట్టుకుని రమ్మని సెప్పు."

"నేనుండగా మేజ్‌దా దేనికి మావా? నా కెమెరా చాలు" అన్నాను.

"ఏటీ, ఆ సబ్బుపెట్టా?" (పేరు అప్పటికే గంగ దాటి హౌరా దాకా పాకింది.) "నువ్వు కూడా తియ్యే, తియ్యొద్దని నానన్లేదు. గోడకెక్కేది మాత్రం ఆయన తీసిందే."

ఇంటికొచ్చి నాన్న దగ్గర మొరపెట్టుకున్నాను. ఆయన గ్లవుజులకు కొబ్బరినూనె రాసుకుంటూ, "ఎవులు తీస్తే ఏటే? నాను బంతి సూసుకోవాల గానీ కెమెరా సూసుకుంటానేటి" అన్నారు. అమ్మ వంటింట్లోంచి, "అదేటి తీసినా ఆ బురద బట్టలు ఉతికేది నానే" అంది. ఎవరి బాధ వాళ్లది.

మ్యాచి రోజు పొద్దుట నుంచి వాన. మధ్యాహ్నానికి తెరిపిచ్చింది గానీ మైదానం దున్నిన మడిలా ఉంది. మేజ్‌దా గొడుగు పట్టేవాణ్ణి తోడు తెచ్చుకుని, పొడుగాటి లెన్సు బిగించుకుని, గోలుకి ఎడమపక్క స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను చున్నీ నడుముకు బిగించి కుడిపక్క గోల్‌పోస్టు వెనక నిలబడ్డాను. ఆట మొదలైంది. నా చదువూ మొదలైంది. చిన్న కెమెరాలో ఒక గుణం ఉండేది. ఇప్పటివాళ్లకు తెలియదు. మీట నొక్కాక అది కాసేపు ఆలోచించుకుంటుంది. నేను నొక్కుతాను, అది "అలాగా, నొక్కావా?" అని నింపాదిగా కళ్లు నులుముకుని, ఆపైన తీస్తుంది. ఈలోగా లోకం ముందుకు వెళ్లిపోతుంది. మొదటి సగంలో నేను తీసిన నలభై ఫొటోల్లో ఒకదాంట్లో మనుషులున్నారు, బంతి లేదు. ఇంకోదాంట్లో బంతి ఉంది, మనుషులు లేరు. మూడోదాంట్లో రిఫరీ వీపు, దాని మీద పడిన బురద. నాన్న గాల్లోకి ఎగిరి బంతి పట్టిన ప్రతిసారీ నా ఫొటోలో ఆయన హాయిగా నేలమీద నిలబడి నిక్కరు సవరించుకుంటున్నారు. అవతల మేజ్‌దా కెమెరా టకటకటక మంటోంది. ఆ చప్పుడు నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంది.

విరామంలో మేజ్‌దా బురద తొక్కుకుంటూ వచ్చి నా తెర మీద ఫొటోలు చూశారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. అది మరీ అవమానం. "షోన్ మా, ఇటు విను, నీ యంత్రం నెమ్మది. అది మారదు. అది వెనకబడినంత నువ్వు ముందుండాలి" అనేసి టీ తాగడానికి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. జరగనిదాన్ని ముందే ఎలా తీస్తారు ఎవరైనా?

రెండో సగంలో నాన్న అవతలి గోలుకి మారితే మేజ్‌దా, నేనూ అటే వెళ్లి మునుపటిలాగే చెరోపక్క చేరాం. నేను మాత్రం కెమెరా జేబులో పెట్టేసి ఊరికే నాన్నని చూస్తూ నిలబడ్డాను. అలక అనుకోండి. చూస్తుంటే చిన్నప్పుడు మా సందు చివర రెండిటుకల మధ్య ఆయన నిలబడి, నాచేత బంతి తన్నించుకున్న రోజులు గుర్తొచ్చాయి. బంతి వచ్చే లోపలే ఎటు వస్తుందో ఆయనకు తెలిసిపోయేది. ఆయన ఎటు ఎగురుతారో నాకు తెలిసిపోయేది. ఎగరబోయే ముందు నాన్న కుడికాలి మడమ ఒక్క అంగుళం పైకి లేస్తుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆయనకు కూడా తెలియని ఈ సంగతి నాకు తెలుసు. కెమెరా మళ్లీ బయటికి తీశాను.

ఆట ఆఖరి నిమిషంలో ఉంది, చెరో గోలు. అప్పుడు మా వెనకవరస ఆటగాడొకాయన జారిపడుతూ ఆసరా కోసం బంతినే చేత్తో పట్టుకున్నాడు. పెనాల్టీ. ఏక్‌బాల్‌పూర్ వైపు నుంచి లంబూ వచ్చాడు, ఆరడుగుల వెల్డరు. నేను మీట సగం నొక్కి పట్టుకుని, తెర చూడకుండా నాన్న మడమే చూస్తున్నాను. లంబూ పరుగెత్తుకొచ్చాడు. మడమ లేచింది. నొక్కేశాను. బంతి ఇంకా లంబూ కాలికి తగల్లేదు, నేను మాత్రం నొక్కేశాను. ఆ తర్వాత మామూలు కళ్లతో చూస్తే నాన్న ఎగరడం, బంతి వలలో పడడం, నాన్న బోర్లా బురదలో పడడం అన్నీ అయిపోయాయి.

తెర చూసుకున్నాను. నాన్న నేలకి అడ్డంగా, బారుగా గాల్లో ఉన్నారు. చెయ్యి చాపగలిగినంత చాపారు. బంతి గ్లవుజు కొసకు ఆనుకుని ఉంది.

"వొచ్చీసింది! వొచ్చీసింది!" అని కేకలు పెడుతూ గెంతాను. నేను మర్చిపోయిన విషయమేమిటంటే, మేం అప్పుడే ఓడిపోయాం. మా పేట జనమంతా తలలు పట్టుకుని ఉన్నారు. ఓడిన గోలీ బురదలోంచి ఇంకా లేవలేదు. ఆయన సొంత కూతురు వల వెనక చిందులు వేస్తోంది. సెక్రటరీ మావ గొడుగు ఎత్తి, "ఏటే గుంటా, అయ్య ఓడిపోతే గెంతులేస్తున్నావు? బుద్ధుందేటి?" అని అరిచాడు.

అసలు బాధ ఆ సాయంత్రం మొదలైంది. టీకొట్టు దగ్గర తీర్పు వచ్చేసింది. గోడ ముసలిదైపోయింది, బంతి వెళ్లిపోయాక ఎగిరాడు, అని. నాన్న ఒకటి రెండుసార్లు, "ఏలు తగిలింది రా, బంతి జారిపోనాది" అన్నారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ నమ్మనూ లేదు. జాలిగా "అవును దాదా, అవును" అన్నారు. ఆ జాలికి నాన్న టీ సగంలో వదిలేసి ఇంటికి వచ్చేశారు.

ఆదివారం క్లబ్బులో ఫొటోల ఎంపిక. మేజ్‌దా పెనాల్టీవి నాలుగు ఫొటోలు తెచ్చారు. లంబూ కాలు ఎత్తడం, నాన్న ఎగరడం మొదలుపెట్టడం, బంతి వలలో, నాన్న బురదలో. బురద చుక్కలు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. కానీ రెండో ఫొటోకీ మూడో ఫొటోకీ మధ్య జరిగింది వాటిలో లేదు. సెక్రటరీ మావ రెండోది పట్టుకుని, "ఆహా, ఎంత సక్కగా ఉన్నాదో. ఇదే కట్టిద్దుం" అన్నాడు. నేను నా ఫొటో బల్లమీద పెట్టాను. అది కాస్త వణికే ఉంది. రంగుల్లో ఇసక రాలినట్టు, నాన్న బూట్లు మసకగా. మేజ్‌దా భూతద్దం తీసి వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"తగిలింది," అన్నారు చివరికి. "చూడండి, బంతి ఇక్కడ కొంచెం నొక్కుకుంది. దెయాల్‌దా వేలు తగిలింది."

భూతద్దం చేతులు మారింది. పన్నెండు మంది చూశారు. టీకొట్టు తీర్పు రాసినవాళ్లే రెండేసిసార్లు చూశారు. నాన్న అందరికంటే చివర చూశారు. చూసి, నా నెత్తిమీద అరచెయ్యి పెట్టి ఒకసారి నొక్కారు. క్రేను మీద ముప్పై ఏళ్లు ఆడిన చెయ్యి, బరువుగా ఉంది.

నేను గర్వంతో ఉబ్బిపోయి అక్కడే మేజ్‌దాని నిలదీశాను. "ఇప్పుడు చెప్పండి, పెద్ద కెమెరా స్థానంలో నా సబ్బుపెట్టె పనికొస్తుందా లేదా?"

"రాదు," అన్నారు ఆయన ఏమాత్రం తడుముకోకుండా. "మీ మావ అడిగినట్టు తలుపంత చేస్తే మీ నాన్న ముక్కు గళ్లు గళ్లుగా విడిపోతుంది. దీన్ని క్యాలెండరంత చేయగలను, అంతే. అది దాని స్థానంలో పనికిరాదు." భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "నువ్వు మాత్రం శనివారం పెళ్లికి నా స్థానంలో పనికొస్తావు. పొద్దున్నే వచ్చి కెమెరా తీసుకెళ్లు. తువ్వాలు మర్చిపోకు."

(ఆ పెళ్లిలో నేనేం చేశానో కూడా చెప్పాలి. పెద్ద కెమెరా ఆలోచించుకోదు, నొక్కగానే తీసేస్తుంది. నేనేమో అలవాటు కొద్దీ అంతా ముందే నొక్కేశాను. దండలు మెళ్లో పడకముందు, సిందూరం నుదుట పెట్టకముందు. అంతా జరగబోతున్న పెళ్లి, జరిగినది ఒక్కటీ లేదు. మేజ్‌దా ఆ రోజు మాత్రం నవ్వారు.)

నాన్న ఫొటో క్యాలెండరంత పరిమాణంలో మా క్లబ్బు గోడకెక్కింది. కొత్తవాళ్లు చూసి "భలే ఆపారండీ" అంటే నాన్న "ఆపలేదు, తగిలింది" అని దిద్దేవారు. కొన్నేళ్లకు దిద్దడం మానేశారు. ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది, పెద్ద కెమెరాలు రెండున్నాయి. ఏది కొనాలని పిల్లలెవరైనా అడిగితే గంట ఉపన్యాసం ఇస్తాను. ఈసారి మెడ కెమెరా పక్షం.

కిందటేడు ఒక పని మీద ఏక్‌బాల్‌పూర్ క్లబ్బుకి వెళ్లాను. వాళ్ల గోడ మీద మేజ్‌దా తీసిన మూడో ఫొటో ఉంది, నిజంగానే తలుపంత. గెలిచిన గోలు కదా, అప్పుడే కట్టించుకున్నారట. బంతి వలలో, లంబూ చేతులు పైకి. పెద్ద కెమెరా మహిమ, అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయో అని దగ్గరికి వెళ్లి చూస్తున్నాను. కుడిపక్క గోల్‌పోస్టు వెనక ఒక బక్కపిల్ల. చున్నీ నడుముకు బిగించి, నాలుక పళ్లమధ్య పెట్టుకుని, సబ్బుపెట్టెను రెండు చేతులా గుండెల దగ్గర పట్టుకుని, ఆటని గానీ గోలుని గానీ పట్టించుకోకుండా బురదలోకి పడుతున్న మనిషినే చూస్తోంది. ఆ వయసులో నా ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్నాను మరి. క్లబ్బువాళ్లు టీ తెచ్చి, "ఏం చూస్తున్నారు దీదీ?" అని అడిగారు.

"ఈ అమ్మాయి ఎవరో తెలుసా మీకు?" అన్నాను.

వాళ్లు వంగి చూసి, తెలియదన్నారు.

"దెయాల్‌దా కూతురు" అన్నాను.