మామ కొనని డబ్బా

పత్తి లారీలు మార్కెట్ యార్డు ముందు బారులు తీరే రోజుల్లో మా మామ పోయాడు. ఆదిలాబాద్ నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో, మా బడి స్టాఫ్ రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "మీ మామ లేడే," అంది. తర్వాత, "అన్నం తిన్నవా?" అని అడిగింది. తిన్నానని చెప్పాను. తినలేదు. "తినకపోతె తిని బయలెల్లు, ఉత్త కడుపుతోని బస్సుల తిప్పుతది," అని పెట్టేసింది.

ఇలాంటి రాతల్లో పోయినవాళ్లంతా మహానుభావులైపోతుంటారు. చదివినప్పుడల్లా నాకు చిరాకు. మా మామ మహానుభావుడు కాదు. మా అమ్మకు తమ్ముడు, జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. పెళ్లిళ్ల కాలంలో ఒక చిన్న ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాకు నేర్పాలని చూసి, నేను తీగ నొక్కినప్పుడల్లా ముఖం చిట్లించి, చివరికి "నీ చేతికి సుద్దముక్కనే రాసిపెట్టి ఉన్నది కోడలా," అని వదిలేశాడు. ఆయన మాటే అయింది. నేను సైన్సు టీచర్నయ్యాను.

ఆయన దగ్గర ఒక ఇనుప డబ్బా ఉండేది. దాని మీద కాలితో నొక్కే మీటలు, ఒక చిన్న తెర. ఒక్కో రకం పెద్ద ఆంప్లిఫయర్ ఎలా పలుకుతుందో గిటార్‌ను అలా పలికించే యంత్రం. దాన్ని ఆంప్ మోడలర్ అంటారని మామే చెప్పాడు. ఇంట్లో అందరికీ అది డబ్బానే. గిటార్ వైరు అందులో పెట్టి, అందులోంచి మైక్‌సెట్‌కు కలిపితే చాలు, ఆటోలో బరువులు మోసే పని లేదు.

దానికొక జబ్బు ఉండేది. కరెంటు పోయి వస్తే మేలుకోవడానికి చాలాసేపు తీసుకునేది. పెళ్లి పందిట్లో కరెంటు పోయి, జనరేటర్ అందుకుని, మిగతావాళ్లు పాట మొదలుపెట్టబోతున్నా మామ గిటార్ మూగగానే ఉండేది. అప్పుడు ఆయన మైకు లాక్కునేవాడు. సరిహద్దు అవతలి పెళ్లయితే మరాఠీలో, ఇవతలిదైతే మన మాటలో, పెళ్లికూతురు పేరు చెప్పమని పెళ్లికొడుకును ఆట పట్టించేవాడు. పందిరంతా నవ్వేది. డబ్బా తెర వెలగగానే మాట మధ్యలోనే వదిలేసి గిటార్ అందుకునేవాడు, పెళ్లికొడుకు బతికిపోయేవాడు. "పెండ్లోళ్లకు గిటార్ ఇనబడది కోడలా. లేకపోతె మాత్రం ఏదో తక్కువైందని తెలుస్తది," అనేవాడు.

కొన్నేళ్లకు ఆ కంపెనీవాళ్లే డబ్బాను మార్చి కొత్తది తెచ్చారు. పైకి చూస్తే అదే. లోపలి బుర్ర కొత్తది. కరెంటు రాగానే లేచి కూర్చుంటుంది. తెర ఎండలోనూ కనిపిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. మామ ఏళ్ల తరబడి పాటపాటకూ విని విని అమర్చుకున్న టోన్లు పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి రావు. అన్నీ మళ్లీ మొదటి నుంచి చెవి ఒగ్గి పెట్టుకోవాలి. మరి మార్చాలా, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని మా మామ ఏళ్లు గడిపాడు.

కొన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులో రాసినవన్నీ నా ఫోనుకు పంపేవాడు. నేను చదివి తెలుగులో చెప్పాలి.

"సౌండుల ఫరక్ ఉన్నదంటనా?"

"ఒకాయన ఉన్నదంటుండు, ఇంకొకాయన లేదంటుండు మామా."

"ఇద్దరు కొన్నరా?"

"కొన్నరు."

"మరి లేదన్నోడు ఎందుకు కొన్నడే?"

ఆయనకు జవాబు అక్కర్లేదు. మళ్లీ ఇంకో పేజీ పంపేవాడు.

అసలు కోర్టు ఇంట్లో నడిచేది. అత్త పొయ్యి దగ్గర నుంచే అందుకునేది. "ఉన్నదానికేమైంది? నోరు పడిపోయిందా?" అనేది. కరెంటు పోతే లేవడం లేదని మామ అంటే, "కరెంటు పోతె నువ్వు మాట్లాడుతవు గద, మంది నవ్వుతరు. నీ గిటార్ ఇని ఎన్నడన్న ఎవలన్న నవ్విండ్రా?" అనేది. మామకు మర్నాడు మిల్లులో ఉండగా జవాబు దొరికేది. దొరికిన వెంటనే ఫోన్ చేసి అత్తకు చెప్పేవాడు. ఆమె అంతే తొందరగా దానికి అడ్డం వేసేది. వాళ్లకు అది పోట్లాటా, ముచ్చటా, కాపురమా అంటే నేను విడదీసి చెప్పలేను. దుబాయిలో పనిచేసే వాళ్ల కొడుకు కూడా తల్లి వైపే. "ఉన్నది మంచిగ వాడుకో బాపు," అనేవాడు.

పోయిన ఎండాకాలం మామకు దగ్గు పట్టుకుంది. మిల్లు దుమ్ము అనుకున్నాం. తగ్గకపోతే కరీంనగర్ తీసుకొచ్చి, మా ఇంట్లోనే పెట్టుకుని ఆసుపత్రిలో చూపించాను. ఊపిరితిత్తుల్లో గడ్డ. డాక్టర్ అత్తనూ నన్నూ లోపలికి పిలిచి, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టమన్నాడు. ఆ మాటకు అర్థం మనలో ఎవరికి తెలియదు? బయట బెంచీ మీద కూర్చున్న మామకు మాత్రం కఫం పేరుకుందని చెప్పాం. అత్తే నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

ఆ సాయంత్రం మామ ఎప్పటిలాగే ఫోన్ తెరిచి డబ్బా ముచ్చట ఎత్తాడు. అత్త కింద కూర్చుని మెంతికూర తెంపుతోంది.

"కొనుక్కోరాదు మరి," అంది, తల ఎత్తకుండా, ఎంతో మెత్తగా. "ఎన్నొద్దులు గట్ల మనసుల పెట్టుకుంటవు?"

మామ ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంతలో దుబాయి నుంచి కొడుకు ఫోన్. తల్లి చెప్పినట్టుంది, వాడూ అదే మాట. "నేనే పంపుత బాపు. వద్దనకు." మామ "సూద్దాం తియ్యి," అని ఫోన్ నా చేతికిచ్చి పక్కకు తిరిగి పడుకున్నాడు.

పొద్దున నేను బాల్కనీలోకి చాయ్ తీసుకెళ్లాను. అత్త స్నానానికి వెళ్లింది. మామ కప్పు అందుకుని, "డాక్టర్ ఏం చెప్పిండో నాకు ఎరుకే," అన్నాడు.

"కఫమన్నడు మామా."

"మీ అత్త కొనుక్కోమన్నది." ఒక గుటక తాగాడు. "గిన్నేండ్ల సంసారంల మీ అత్త నన్ను ఒక్క వస్తువన్న కొనుక్కోమన్నదా? కొత్త చెప్పులు తెచ్చుకుంటనంటె పాతయి కుట్టించుకో అన్నది. గసొంటిది గంత మెత్తగ కొనుక్కో అన్నది. ఇంక డాక్టర్ చెప్పేటిది ఏమున్నది?"

అత్తకు చెప్పకు అన్నాడు. తనకు తెలిసిపోయిందని తెలిస్తే ఆమె ఆ కాస్త నవ్వూ నవ్వదని. తర్వాత, ఏదో సామాను తెమ్మని పురమాయించినట్టు, "ఒక పని జెయ్యి కోడలా. నువ్వన్న వద్దను," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"అందరు కొనుక్కో కొనుక్కో అంటుంటె సచ్చినోని లెక్కున్నది నాకు. జర గట్టిగ వద్దను. బతికున్నోనితోని కొట్లాడినట్టు కొట్లాడు."

అలా నేను అత్త ఉద్యోగంలో చేరాను. ఆమెకున్న నేర్పు నాకు లేదు. మనిషి అలా చిక్కిపోతుంటే ఎదురుగా కూర్చుని, కొత్త డబ్బాలో మీటలు మరీ దగ్గరగా ఉన్నాయట, నీ పాదానికి సరిపోవు అని వాదించడం ఎంత కష్టమో చెప్పలేను. సెలవు దొరికినప్పుడల్లా ఆదిలాబాద్ బస్సెక్కేదాన్ని. దారి పొడుగునా వాదనలు వెతుక్కునేదాన్ని. దిండుకు ఆనుకుని ఆయన నా కోసం ఎదురు చూస్తుండేవాడు. నేను గుమ్మంలో కనబడగానే, "వచ్చిందే అడ్డం పడేటిది," అనేవాడు. ఆ ముఖంలో ఆ కాసేపు జబ్బు కనిపించేది కాదు. ఆ కాసేపటి కోసమే నేను వెళ్లేదాన్ని.

ఒకసారి మాట జారాను. "గిన్ని టోన్లు మల్ల మొదటికెల్లి ఎవలు పెడుతరు మామా?" అన్నాను.

"నేనే పెడ్త."

"ఎప్పుడు?"

మామ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "చలికాలం పెండ్లిండ్లు షురూ గాకముందే. పొద్దుకు రెండు పాటలు పెట్టుకుంట. నీకేం ఫికర్?" అన్నాడు. నేను బాగా ఓడిపోయినట్టు ముఖం పెట్టాను.

ఇదంతా అత్తకు మింగుడు పడలేదు. పడదు కూడా. ఒకరోజు వంటింట్లోకి లాక్కెళ్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తిట్టింది. "ఉన్నది ఒక్క కోరిక. గది గూడ తీరనియ్యవా? ఏం ఆడిదానివే నువ్వు?" నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన తెలిసి దాస్తున్నాడు, ఈమె తెలిసి దాస్తోంది, ఇద్దరి మధ్యా నేను చెడ్డదాన్నయ్యాను. కానిమ్మనుకున్నాను. ఆమెకు ఎవరో ఒకరి మీద కోపం ఉండటం కూడా అవసరమే అనిపించింది.

ఆఖరిసారి వెళ్లినప్పుడు మామ మాట బాగా సన్నబడింది. పాత డబ్బా మంచం పక్కన స్టూలు మీదే ఉంది. ఒళ్లో గిటార్ లేదు, దాన్ని పట్టుకునే ఓపిక లేదు. అత్త ఆయన పాదాలు ఒత్తుతోంది. కొడుకు మళ్లీ ఫోన్ చేశాడనీ, ఊఁ అంటే వారంలో వచ్చేస్తుందనీ చెప్పింది. మామ నన్ను చూశాడు. వాదించమని. తెచ్చుకున్న వాదనలన్నీ అయిపోయాయి. అప్పుడు ఆయనే నాకు సాయం వచ్చాడు.

"గిది వద్దు," అన్నాడు అత్తతో. "వచ్చేయేడు ఇంకోటి తెస్తరట. దాన్ని సూసినంకనే కొందం."

అత్త పాదాలు వదిలి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మామ అలసిపోయి కళ్లు మూసుకున్నాడు. ఏళ్ల ప్రశ్నకు తీర్పు అలా వచ్చింది. నాకు ఇప్పటికీ తెలియదు, ఆ మాట ఆయన మమ్మల్ని ఏడిపించకుండా ఉండటానికి అన్నాడో, నిజంగానే వచ్చే ఏడాది మీద ఆశ పెట్టుకున్నాడో. రెండూ కావచ్చు. తర్వాత కొన్నాళ్లకే అత్త ఫోన్ వచ్చింది.

దినాల్లో ఒక పొద్దున వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో ఉండిపోయిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, దిగులు పెట్టుకోకు, అది మేం చూసుకుంటాం అని మాట ఇస్తారు. సైన్సు టీచర్ని కదా, ఇవన్నీ నమ్మను. కానీ ఆ రోజు అందరికంటే ఆత్రంగా ఆకాశం వైపు చూసింది నేనే.

కాకులు పత్తిచేను మీద తిరుగుతున్నాయి తప్ప ఇటు రావడం లేదు. దుబాయి నుంచి వచ్చిన కొడుకు ముందుకెళ్లి చేతులు జోడించాడు. "బాపూ, గా కొత్త డబ్బ నేను తెస్త. తెచ్చి నీ ఫోటో ముంగట పెడ్త. పరేషాన్ గాకు," అన్నాడు. ఏడ్చాడు. కాకి రాలేదు. అత్త నా పక్కకు వచ్చి నిలబడింది. అన్నాళ్లుగా నాతో సరిగా మాట్లాడటం లేదు.

"ఏం పెట్టుకున్నడే మనసుల? నీకు చెప్పేటోడు గద," అంది.

ఇంక దాచడానికి ఎవరున్నారని? బాల్కనీలో ఆయన అన్నదంతా చెప్పేశాను. నువ్వు కొనుక్కోమన్న సాయంత్రమే ఆయనకు తెలిసిపోయిందనీ, నన్ను వద్దనమన్నది ఆయనేననీ, ఎందుకో కూడా. అత్త నేల చూస్తూ విన్నది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. తర్వాత కొంగు లాగి నడుములో దోపుకుని, ఎవరూ పిలవకుండానే, విస్తరాకు దగ్గరికి నడిచింది.

"వద్దు," అంది. మళ్లీ అంది. "వద్దంటె వద్దు. ఏం అక్కెరున్నది? ఇంట్ల పెట్టెతందుకు జాగున్నదా? పాతదాన్ని ఏంజేస్తవు, నెత్తి మీద పెట్టుకుంటవా?" కొడుకు ఆపబోతే చేయి విదిల్చింది. కాస్త ఆగింది. తల ఒక పక్కకు వంచి, అవతలివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఓపిక పట్టినట్టు నిలబడింది. "గయన్ని నాకు చెప్పకు," అంది. "పోయినసారి గూడ గిట్లనే అన్నవు."

కాకి ఎప్పుడు దిగిందో, అసలు దిగిందో లేదో మేమెవరం చూడలేదు. అందరం ఆమెనే చూస్తున్నాం. ఎండ ఎక్కుతోంది. వాగు ఒడ్డున ఒంటరిగా నిలబడి, చేయి తిప్పుతూ, ఒక్కో మాటకు ఆగి జవాబు వింటూ, అత్త ఇంకా వద్దంటూనే ఉంది.