బూడిదరంగు కోటు

ఆ ఏడు సూదిపిన్నికి భయం పట్టుకుంది. మామూలు భయం కాదు, అన్నం గొంతు దిగనివ్వని భయం. పాత యుద్ధం జ్ఞాపకార్థం ఏటా ఊరి మైదానంలో ఉత్తుత్తి యుద్ధం ఆడతారు. దానికి శత్రువుల కోట్లు కుట్టేది ఆవిడే. శత్రువులెవరో చీటీలు తీసి తేలుస్తారు. ఈసారి ఆమె తమ్ముడి చీటీ వచ్చింది.

ఆ మాటకొస్తే ఈ వ్యవహారం మొదట్నుంచీ ఇలా తగలడలేదు. పిన్ని అమ్మమ్మ కాలంలో ఆ రోజున ఊరంతా మైదానానికి వెళ్ళి, నోరు మెదపకుండా కాసేపు నిలబడి వచ్చేసేవారు. యుద్ధంలో పోయినవాళ్ళకి కప్పే గుడ్డలు కుట్టింది ఆ అమ్మమ్మే. మనవాళ్ళకీ అవతలివాళ్ళకీ ఒకే తానులోంచి కత్తిరించింది. అమ్మ కాలానికి బ్యాండు, బడిపిల్లల కవాతు, ఉపన్యాసాలు వచ్చిపడ్డాయి. ఉపన్యాసాల్లో ఆ యుద్ధం ఏటేటా పెద్దదవుతూ పోయింది. పిన్ని కాలానికి ఎవరి బుర్రలోనో పురుగు తొలిచి నాటకం పెట్టారు. నీలం కోట్లు మనవాళ్ళవి, బూడిదరంగువి శత్రువులవి. శత్రువుల మీద జనం మట్టిముద్దలు విసరాలి. మొదట్లో అంతా నవ్వులాటే. రానురాను మట్టిముద్దల్లోకి రాళ్ళు చేరాయి. పోయినేడు శత్రువు వేషం వేసిన పోస్టుమాన్ కన్ను పోయింది. పాపం, అతను నేలమీద గిలగిల్లాడుతుంటే వేషం భలే కట్టాడని చప్పట్లు కొట్టారు.

పిన్ని కమిటీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడింది. ఆయనకి మందులషాపు ఉంది. బేరం మధ్యలోంచి తల కూడా తిప్పకుండా, చీటీ వచ్చాక మార్చడం కుదరదన్నాడు. శత్రువులు లేకుండా యుద్ధమేమిటని నవ్వాడు కూడా. ఇక తమ్ముడు తన సైకిల్ షాపులో పంక్చరు వేస్తూ, "ఒక్కపూటే కదక్కా, మొదటి దెబ్బకే చచ్చిపడిపోతాలే," అన్నాడు. ఆ మాట అంటూనే, అతుకు వేసిన చోటే మళ్ళీ ఇంకో అతుకు వేశాడు.

ఇంటికొచ్చి మెషిను ముందు కూర్చుంది. వాడి కోటులో దళసరిగా దూది పెడదామనుకుంది. తలకి తగిలితే దూదేం చేస్తుంది? అప్పుడు మనవాళ్ళ కోట్లకని తెచ్చి ఉంచిన నీలం గుడ్డ మీద ఆమె కళ్ళు పడ్డాయి. దాన్నే లైనింగుగా వేసి, ఎటు తిప్పి తొడుక్కున్నా కోటులాగే ఉండేట్టు కుట్టింది. గుండీలు రెండువైపులా పెట్టింది. హమ్మయ్య అనుకుంది గానీ ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు. మిగతా కోట్లు కుర్చీమీద పడున్నాయి. పైన ఉన్నది పక్కింటి వదిన మొగుడిది. భుజాలు కాస్త వదులుగా పెట్టమ్మా అని పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. దాన్ని అలా వదిలెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు. అన్నిటికీ నీలమే వేసింది. కోట్లు పంచేటప్పుడు ఒక్కొక్కరి చెవిలో ఒకటే మాట చెప్పింది: "రాళ్ళు మొదలవగానే తిరగేసుకోండి."

ఆ రోజు మొదటి రాయి తమ్ముడి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. వాడు గబగబా కోటు విప్పి తిరగేశాడు. పక్కవాడూ తిరగేశాడు. చూస్తుండగానే మైదానంలో ఎటు చూసినా నీలమే. విసరబోయిన చేతులు ఆగిపోయాయి. ఊరంతా నోరు మెదపకుండా నిలబడింది. అమ్మమ్మ కాలంలో ఇలాగే ఉండేది కాబోలు అనుకుని పిన్ని ఊపిరి పీల్చుకుంది.

పీల్చుకుందో లేదో, అధ్యక్షుడు జనం వైపు తిరిగాడు.

"ఈ కోట్లు కుట్టిందెవరు?"

ఎవరని అడగాలా? ఊళ్ళో కోట్లు కుట్టే మనిషి ఒక్కతే. పిన్నికి ఇటూ అటూ ఉన్నవాళ్ళు మెల్లిగా పక్కకి జరిగారు. పక్కింటి వదిన కూడా జరిగింది. ఎవరి చేతిలో రాయి వాళ్ళ చేతిలోనే ఉంది. మైదానం అవతలి నుంచి తమ్ముడు "అక్కా, అక్కా" అంటూ పరిగెత్తుకొస్తున్నాడు, కానీ చాలా దూరంలో ఉన్నాడు. ఏదో ఒక అబద్ధం చెబుదామంటే ఒక్కటీ తోచలేదు. తిరగేసుకుందామంటే ఆమె ఒంటిమీద కోటు లేదు.

"నేనే," అంది.